మీ ప్రభుత్వ ఫైల్‌ను ఎవరు తెరిచి చూశారో తెలుసుకోవడం ఎలా: అమెరికాలో ఉన్న తెలుగువారికి

2015 మార్చి 24న వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ కమిటీ ఒకటి, అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్ డైరెక్టర్ జోసెఫ్ క్లాన్సీని పిలిపించి గట్టిగా నిలదీస్తోంది. కమిటీ ఛైర్మన్ జేసన్ చాఫెట్జ్, యూటా రాష్ట్రం నుంచి గెలిచిన రిపబ్లికన్. సమావేశం మొదలై 18 నిమిషాలు అయిందో లేదో, సీక్రెట్ సర్వీస్‌లో ఒక సీనియర్ ఉద్యోగి తన కంప్యూటర్‌లో చాఫెట్జ్ పేరు కొట్టి చూశాడు. 2003లో చాఫెట్జ్ అదే సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు, రాలేదు. ఆ పాత సంగతి ఫైల్లో ఉంది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే 45 మంది ఉద్యోగులు సుమారు 60 సార్లు ఆ ఫైల్ తెరిచారు. వాళ్లలో పని ఉండి చూశామని చెప్పుకోగలిగినవాళ్లు నలుగురే. ఏప్రిల్ 2కల్లా విషయం మీడియాకు చేరింది.

సీక్రెట్ సర్వీస్ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కిందికి వస్తుంది. ఆ శాఖలో జరిగే తప్పులను విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆ ఏడాది సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో ఈ లెక్కలన్నీ ఉన్నాయి. ఎవరు, ఏ రోజు, ఎన్నిసార్లు అన్నది అంత కచ్చితంగా చెప్పగలిగారంటే కారణం ఒక్కటే: కంప్యూటర్ ప్రతి చూపునూ లాగ్‌లో రాసుకుంది. లోపల పనిచేసేవాళ్లు దీన్నే ఆడిట్ లాగ్ అనో, ఆడిట్ ట్రయల్ అనో అంటారు.

చాఫెట్జ్ కాంగ్రెస్ సభ్యుడు కాబట్టి ఆ లాగ్‌ను తీయించే యంత్రాంగం దానంతట అదే కదిలింది. మీ విషయంలో అలా కదలదు. మీరే ఉత్తరం రాయాలి, సరైన ఆఫీసుకు రాయాలి, సరైన చట్టం పేరు చెప్పి రాయాలి, గడువు దాటకుండా రాయాలి. ఆ నాలుగూ ఎలా చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. మనవాళ్లు ఇప్పుడు స్కూల్ బోర్డులకీ సిటీ కౌన్సిళ్లకీ నిలబడుతున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 నుంచి మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. జనంలోకి వచ్చిన ప్రతి మనిషి మీదా కుతూహలం ఉంటుంది, ఆ కుతూహలం ప్రభుత్వ ఆఫీసులో కూర్చున్నవాళ్లకీ ఉంటుంది. ఎన్నికలతో సంబంధం లేనివారికి కూడా ఇది పనికొస్తుంది. విడిపోయిన భర్త తమ్ముడు పోలీసుల్లో ఉండొచ్చు, గొడవపడిన పక్కింటాయన కౌంటీ ఆఫీసులో ఉండొచ్చు.

ముందు అనుమానాన్ని కాగితం మీద పెట్టండి

ఎవరో మీ గురించి ఒక మాట అన్నారు. ఆ మాట మీ ప్రభుత్వ ఫైల్లో తప్ప ఇంకెక్కడా ఉండే వీలు లేదని మీకు అనిపించింది. అక్కడే ఆగి రాసుకోండి: అన్నది ఎవరు, ఏ తేదీన, ఏ మాటలతో. పక్కన ఎవరున్నారు. ఆ సమాచారం మీరు ఏయే ఫారాల్లో నింపారు. పాస్‌పోర్ట్ దరఖాస్తులోనా, పన్ను రిటర్న్‌లోనా, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గరా, ఇమ్మిగ్రేషన్ ఫైల్లోనా. మెసేజ్‌లు, ఈమెయిళ్లు ఉంటే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి.

చాలాసార్లు ఈ దశలోనే అనుమానం తీరిపోతుంది. ఇంటి కొనుగోలు ధర, ఆస్తి పన్ను, కోర్టు కేసులు, ఎన్నికల విరాళాలు అమెరికాలో ఎవరైనా చూసుకోగల రికార్డులు. మీ ఇల్లు ఎంతకు కొన్నారో ఎదుటి అభ్యర్థి చెబితే దానికి ఏ ఉద్యోగీ ఫైల్ తెరవనక్కర్లేదు. అదే మీ పాత చిరునామా, మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్‌ఎస్‌ఎన్) చివరి అంకెలు, తిరస్కరణకు గురైన దరఖాస్తు వివరాలు అయితే కదలాలి.

రెండు పనులు మాత్రం అస్సలు చేయకండి. ఫలానా ఆఫీసువాళ్లు నా ఫైల్ చూశారని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఆధారం చేతికి రాకముందే అవతలివాళ్లు జాగ్రత్తపడతారు, మీ మీద పరువునష్టం కేసు కూడా రావచ్చు. రెండోది ఇంకా ముఖ్యం: ఆ ఆఫీసులో పనిచేసే తెలిసినవాళ్లను పట్టుకుని “కాస్త లోపల చూసి చెప్పు బాబూ” అని అడగకండి. మీ కోసం ఫైల్ తెరిచినా అది అనధికారంగా తెరవడమే. లాగ్‌లో వాళ్ల పేరు పడుతుంది, రేపు విచారణ జరిగితే మొదట దొరికేది వాళ్లే.

ఏ ఆఫీసు, ఏ చట్టం

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. అమెరికాలో అన్ని ప్రభుత్వ రికార్డులకూ కలిపి ఒకే చట్టం లేదు. ఫైల్ ఎవరి దగ్గర ఉందో, మీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ ఏమిటో చూసుకుని చట్టాన్ని ఎంచుకోవాలి.

ఫెడరల్ ఆఫీసులకు 1974 నాటి ప్రైవసీ యాక్ట్ ఉంది. వాటర్‌గేట్ వ్యవహారం తర్వాత వచ్చిన చట్టం ఇది. సంస్థ లోపలి ఉద్యోగి అయినా సరే, తన విధి నిర్వహణకు అవసరమైతేనే మీ రికార్డు చూడాలని ఇందులో ఉంది. కానీ ఇది సిటిజన్లకూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ మాత్రమే. హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉన్నవారికి వర్తించదు. 2016లో జుడీషియల్ రిడ్రెస్ యాక్ట్ ద్వారా కొన్ని దేశాల పౌరులకు ఇందులో కొన్ని హక్కులు ఇచ్చారు. ప్రధానంగా అవి ఐరోపా దేశాలు. ఆ జాబితాలో భారత్ లేదు.

వీసా మీద ఉన్నవారు నిరాశపడాల్సిన పని లేదు. సమాచార స్వేచ్ఛ చట్టాన్ని, అంటే ఇక్కడ అందరూ ఫోయా అనే దాన్ని, ఎవరైనా వాడుకోవచ్చు. పౌరసత్వంతో పని లేదు.

పన్ను రికార్డులకు వేరే చట్టం ఉంది, అది చాలా గట్టిది. దాని వెనుక ఒక కథ ఉంది. బోస్టన్‌లో ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ఉద్యోగి ఒకడు రాజకీయ ప్రచారాల్లో ఉన్నవారివీ, తనకు పడనివారివీ పన్ను ఫైళ్లు తెరిచి చూసేవాడు. కింది కోర్టు శిక్ష వేసింది. 1997లో అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. చూశాడే గానీ, చూసినదాన్ని దేనికీ వాడినట్టు రుజువు కాలేదని, అప్పటి చట్టం కింద అది మోసం కాదని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో కాంగ్రెస్ ట్యాక్స్‌పేయర్ బ్రౌజింగ్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చి, కావాలని ఊరికే చూడటం కూడా నేరమే చేసింది. ఏడాది వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఉద్యోగం పోవడం. ఈ రక్షణ పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది, వీసా ఏదైనా సరే.

డ్రైవింగ్ లైసెన్స్, కారు రిజిస్ట్రేషన్ రికార్డులకు 1994 నాటి డ్రైవర్స్ ప్రైవసీ ప్రొటెక్షన్ యాక్ట్ ఉంది. ఇదీ అందరికీ వర్తిస్తుంది. నా ఉద్దేశంలో మామూలు కుటుంబాలకు ఎక్కువ అవసరపడేది ఈ చట్టమే, ఎందుకంటే డ్రైవింగ్ లైసెన్స్ డేటాబేస్‌ను చూడగలిగేవాళ్లు వేలల్లో ఉంటారు. మిన్నెసోటాలో ఒక మాజీ మహిళా పోలీసు అధికారి రికార్డును నూరు మందికి పైగా పోలీసులు నాలుగు వందలకు పైగా సార్లు చూశారు. ఆవిడ ఆడిట్ అడిగి తీసుకుంది కాబట్టే అది బయటపడింది. తర్వాత వివిధ నగరాలు, కౌంటీలు కలిపి పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీ చేసుకున్నాయి.

మిగతా రాష్ట్ర, కౌంటీ, సిటీ రికార్డులకు ఆయా రాష్ట్రాల పబ్లిక్ రికార్డ్స్ చట్టాలు వాడాలి. టెక్సస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్, న్యూజెర్సీలో ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ (ఓప్రా), కాలిఫోర్నియాలో పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్‌తో పాటు 1977 నాటి ఇన్ఫర్మేషన్ ప్రాక్టీసెస్ యాక్ట్.

ఉత్తరం: అడగాల్సింది ఫైల్ కాదు, లాగ్

మనవాళ్లు ఇమ్మిగ్రేషన్ పనుల కోసం ఫోయా బాగానే వేస్తారు. ఏ-ఫైల్, అంటే మీ ఇమ్మిగ్రేషన్ ఫైల్, మొత్తం పీడీఎఫ్‌గా వస్తుంది. అందులో మీరిచ్చిన కాగితాలు, వాళ్లు రాసుకున్న నోట్స్ ఉంటాయి. ఎవరు తెరిచి చూశారన్నది మాత్రం ఉండదు. అది విడిగా, పేరు పెట్టి అడగాలి.

ప్రైవసీ యాక్ట్‌లో ఒక మెలిక ఉంది, అది తెలియక చాలామంది ఖాళీ సమాధానం తెచ్చుకుంటారు. మీ రికార్డు ఎవరెవరికి ఇచ్చారో లెక్క రాసిపెట్టి, అడిగితే చూపించాలని చట్టం చెబుతుంది. కానీ ఆ లెక్క సంస్థ బయటివారికి ఇచ్చినప్పుడే. అదే సంస్థలోని ఉద్యోగి పని మీద చూశాడంటే ఆ లెక్కలో రాయనక్కర్లేదు. అందుకే లెక్క మాత్రమే అడిగితే “ఎవరికీ ఇవ్వలేదు” అని నిజాయితీగానే జవాబు రావచ్చు, లోపల పాతిక మంది చూసి ఉన్నా సరే. కాబట్టి ఉత్తరంలో రెండూ అడగండి.

ఉత్తరం ఇంగ్లీషులోనే రాయాలి. అందులో ఉండాల్సిన సారం ఇది:

“నేను ప్రైవసీ యాక్ట్, సమాచార స్వేచ్ఛ చట్టం రెండింటి కింద ఈ అభ్యర్థన చేస్తున్నాను. నాకు కావాల్సినవి: ఒకటి, నా రికార్డును మీ సంస్థ బయటివారికి ఇచ్చిన సందర్భాల పూర్తి లెక్క. రెండు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా సిస్టమ్‌లో నా పేరు మీద గానీ నా నంబర్ మీద గానీ జరిగిన ప్రతి వెతుకులాట, చూపు, ప్రింట్, డౌన్‌లోడ్ ఆడిట్ లాగ్. ప్రతి నమోదుకు తేదీ, సమయం, యూజర్ ఐడీ, ఆ యూజర్ పనిచేసే ఆఫీసు, చూసిన కారణం నమోదై ఉంటే ఆ కారణం ఇవ్వండి. పేర్లు ఇవ్వలేమంటే పేర్లు మాత్రం తీసేసి మిగతాది ఇవ్వండి. ఈ అభ్యర్థన తేలే వరకు సంబంధిత లాగ్‌లు చెరిపేయవద్దని కోరుతున్నాను.”

వీసా మీద ఉన్నవారు ప్రైవసీ యాక్ట్ మాట తీసేసి ఫోయా ఒక్కటే రాయండి.

తేదీల మధ్య కాలం చిన్నదిగా పెట్టండి. పదేళ్ల లాగ్ అడిగితే పక్కన పడేస్తారు. మీరు నామినేషన్ వేసిన రోజు నుంచి ఆ మాట బయటికి వచ్చిన రోజు వరకు అని అడిగితే వెతకడం సులువు. సిస్టమ్ పేరు రాయగలిగితే ఇంకా మంచిది. ప్రతి ఫెడరల్ సంస్థా తాను నడిపే రికార్డు వ్యవస్థల గురించి ప్రకటన వేయాలి. సంస్థ వెబ్‌సైట్‌లో ప్రైవసీ పేజీలో వాటి జాబితా దొరుకుతుంది.

మీరు మీరేనని రుజువు చేయాలి. నోటరీ కోసం తిరగనక్కర్లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం, తప్పు చెబితే అబద్ధపు సాక్ష్యం కింద శిక్షకు సిద్ధమని రాసి సంతకం, తేదీ పెడితే సరిపోతుంది. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, చిరునామా ఇవ్వండి. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు ఇంటిపేరు ఎటు వస్తుందో అటే రాయండి. మన పేర్లు సిస్టమ్‌లలో రెండు మూడు రకాలుగా పడి ఉంటాయి కాబట్టి ఆ రూపాలన్నీ ఇచ్చి, అన్నింటితో వెతకమని అడగండి. పోస్టులో పంపితే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి.

లాగ్‌లు శాశ్వతంగా ఉండవు. అనుమానం వచ్చాక ఆరు నెలలు ఆలోచించి రాయడం కంటే వారంలో రాయడం మేలు.

గడువులు, తిరస్కరణలు

ఫోయాకు సమాధానం 20 పనిదినాల్లో రావాలి. నిజానికి తరచూ నెలలు పడుతుంది. రాష్ట్రాలకు వాటి గడువులు వేరు: కాలిఫోర్నియాలో పది రోజులు, న్యూజెర్సీలో ఏడు పనిదినాలు, టెక్సస్‌లో పది పనిదినాలు. ఆ గడువులోపు ఇవ్వడమో, ఎందుకు ఇవ్వలేరో, ఎప్పటికి ఇస్తారో చెప్పడమో చేయాలి.

లాగ్ మా భద్రతా వ్యవస్థకు సంబంధించినది, ఇవ్వం అనొచ్చు. ఉద్యోగుల వ్యక్తిగత గోప్యత అనొచ్చు. అక్కడితో వదిలేయకండి. ఫెడరల్ సంస్థ తిరస్కరిస్తే 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. పేర్లు తీసేసి ఆఫీసు, సమయం ఇవ్వడానికి ఉద్యోగుల గోప్యత అడ్డు రాదని అప్పీలులో రాయండి. అప్పటికీ కదలకపోతే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓజిస్ అనే మధ్యవర్తి కార్యాలయం ఉంది, అక్కడికి ఉచితంగా వెళ్లొచ్చు.

లాగ్ చేతికి వచ్చాక

చూడగానే టెన్షన్ పడకండి. పదుల కొద్దీ నమోదులు ఉండటం మామూలే. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ, రెన్యువల్ చేసిన ప్రతిసారీ నలుగురైదుగురు చూస్తారు.

మీరు చేయాల్సింది ఒక పట్టిక. ఒక వైపు లాగ్‌లోని తేదీలు, ఇంకో వైపు మీ జీవితంలో ఆ తేదీల దగ్గర జరిగినవి: దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, ప్రయాణాలు, ఎన్నికల తేదీలు, పేపర్లో మీ పేరు వచ్చిన రోజులు. దరఖాస్తుతో జత కుదిరినవి కొట్టేయండి. మిగిలినవే మీ కేసు.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో 2008 నాటి పాస్‌పోర్ట్ వ్యవహారం చూస్తే అర్థమవుతుంది. బరాక్ ఒబామా అప్పుడు డెమొక్రాట్ అభ్యర్థిత్వం కోసం పోటీలో ఉన్నారు. ఆ ఏడాది జనవరి 9, ఫిబ్రవరి 21, మార్చి 14 తేదీల్లో మూడుసార్లు కాంట్రాక్టు ఉద్యోగులు ఆయన పాస్‌పోర్ట్ ఫైల్ తెరిచారు. ఆ రోజుల్లో ఆయన పాస్‌పోర్ట్ పనేదీ నడవడం లేదు. హిల్లరీ క్లింటన్ ఫైల్ 2007 వేసవిలో ఒక ట్రైనీ తెరిచాడు. శిక్షణలో భాగంగా ఇంట్లోవాళ్ల పేరు కొట్టి చూడమంటే క్లింటన్ పేరు కొట్టాడు. జాన్ మెకెయిన్ ఫైల్ కూడా తెరిచారు. విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ ఒబామాకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు. ఇద్దరు కాంట్రాక్టు ఉద్యోగుల్ని తీసేశారు.

ఆ జులైలో విదేశాంగ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వచ్చింది. పేరున్న 150 మందిని ఎంచుకుని 2002 సెప్టెంబరు నుంచి 2008 మార్చి వరకు లాగ్‌లు తీయించారు. వాళ్లలో 127 మంది ఫైళ్లు కనీసం ఒక్కసారైనా తెరిచారు, మొత్తం 4,148 సార్లు. ఒక్క వ్యక్తి ఫైల్‌నే 77 మంది 356 సార్లు తెరిచారు. ఏ మామూలు పనికీ ఒకరి పాస్‌పోర్ట్ ఫైల్ అన్నిసార్లు అవసరపడదు. అప్పట్లో ఆ వ్యవస్థలోకి వెళ్లగల అకౌంట్లు ఇరవై వేలకు పైనే ఉన్నాయి. తెరిస్తే వెంటనే హెచ్చరిక వెళ్లే ప్రత్యేక జాబితాలో ఉన్నది మాత్రం 38 మందే. ఒబామా ఆ జాబితాలో ఉన్నారు కాబట్టి మూడు చూపులూ పట్టుబడ్డాయి. మీరు, నేను ఏ జాబితాలోనూ ఉండం. మన ఫైల్ తెరిస్తే ఎక్కడా గంట మోగదు. అందుకే మనం అడగడం తప్ప వేరే దారి లేదు.

ఫిర్యాదు ఎవరికి

ఆ ఉద్యోగి పై అధికారికి మాత్రం కాదు. సీక్రెట్ సర్వీస్ వ్యవహారంలో 18 మంది సూపర్‌వైజర్లకు విషయం తెలుసు, లేదా తెలిసి ఉండాలి. ఆపినవాళ్లు, పైకి చెప్పినవాళ్లు దాదాపు లేరు. ఒక అసిస్టెంట్ డైరెక్టరైతే చాఫెట్జ్‌కు ఇబ్బంది కలిగించే సమాచారం బయటికి రావాలన్న అర్థం వచ్చేలా ఈమెయిలే రాశాడు. తప్పు జరిగిన గదిలోనే న్యాయం అడగకూడదు.

ఫెడరల్ సంస్థలకు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు ఉంటుంది. వెబ్‌సైట్‌లో హాట్‌లైన్ ఫారం ఉంటుంది. పేరు గోప్యంగా ఉంచమని అడగొచ్చు. పూర్తిగా పేరు లేకుండా ఇస్తే మాత్రం వాళ్లు మీ ఫైల్‌నే వెతకలేరు, కాబట్టి పేరు ఇచ్చి గోప్యత కోరడం నయం. ఫిర్యాదు ఒక్క పేజీ దాటనివ్వకండి. పైన చేసిన పట్టికను జత చేయండి. పన్ను ఫైల్ అయితే టిగ్టాకు, అంటే ఐఆర్‌ఎస్‌ను పర్యవేక్షించే ట్రెజరీ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసుకు వెళ్లండి. అక్కడ అనధికారంగా ఫైల్ చూడటాన్ని యునాక్స్ అంటారు. ఆ మాట వాడితే మీ ఫిర్యాదు సరైన బల్ల మీదికి చేరుతుంది. స్థానిక పోలీసు చూశాడనుకుంటే ఆ శాఖ ఇంటర్నల్ అఫైర్స్‌తో పాటు రాష్ట్ర డేటాబేస్ నడిపే సంస్థకూ కాపీ పంపండి. లాగ్ ఉండేది వాళ్ల దగ్గరే.

ఇంకో దారి మనవాళ్లు తక్కువగా వాడతారు. మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో కేస్‌వర్కర్లు ఉంటారు. ప్రైవసీ రిలీజ్ ఫారం సంతకం చేసి ఇస్తే మీ తరఫున వాళ్లే సంస్థకు రాస్తారు. ఓటు లేని వీసాదారులకు కూడా ఆ ప్రాంతంలో నివసిస్తుంటే చాలా ఆఫీసులు సాయం చేస్తాయి. ఆరు నెలలుగా కదలని కాగితం ఆ ఒక్క ఉత్తరంతో కదిలే అవకాశం ఉంది.

కోర్టుకు వెళ్లే ముందు

ఇక్కడ లాయరు తప్పనిసరి. అయితే లాయరు దగ్గరికి వెళ్లే ముందే మీకు కొన్ని తెలిసి ఉండాలి.

ప్రైవసీ యాక్ట్ కింద దావా వేయడానికి రెండేళ్ల గడువు. కావాలనే చేశారని చూపాలి. వెయ్యి డాలర్ల కనీస పరిహారం అని చట్టంలో ఉన్నా, నష్టం జరిగిందని నిరూపిస్తేనే ఆ వెయ్యి వస్తుందని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక పైలట్‌కు హెచ్‌ఐవీ ఉన్న సంగతిని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు రవాణా శాఖకు చెప్పేసింది. ఆయన పడిన మానసిక క్షోభ ఈ చట్టం కింద నష్టం కాదని, డబ్బు రూపంలో పోయినదే నష్టమని కోర్టు తేల్చింది. నాకు ఈ తీర్పు అన్యాయంగానే అనిపిస్తుంది. ఒకరి ఫైల్ తెరిచినప్పుడు పోయేది డబ్బు కంటే ముందు మనశ్శాంతి. కానీ అమల్లో ఉన్న చట్టం అది. కాబట్టి ఖర్చుల రసీదులు దాచండి: కౌన్సెలింగ్ బిల్లులు, పోయిన కాంట్రాక్టు, సెలవు పెట్టి తిరిగిన రోజుల జీతం.

పన్ను ఫైల్ కేసులో పరిస్థితి మెరుగు. నష్టం నిరూపించకపోయినా ఒక్కో చూపుకు వెయ్యి డాలర్లు అడగొచ్చు. మీకు తెలిసిన రోజు నుంచి రెండేళ్ల గడువు. పైగా ఉద్యోగి మీద క్రిమినల్ అభియోగం నమోదైతే మీకు తెలియజేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. డొనాల్డ్ ట్రంప్ పన్ను వివరాలను, వేలమంది సంపన్నుల రికార్డులను పత్రికలకు ఇచ్చిన ఐఆర్‌ఎస్ కాంట్రాక్టర్‌కు 2024 జనవరిలో ఐదేళ్ల జైలు పడింది. ఆ తర్వాత ఐఆర్‌ఎస్ నుంచి బాధితులకు ఉత్తరాలు వెళ్లాయి. అలాంటి ఉత్తరం మీకూ వచ్చి ఉంటే ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేయకండి. గడువు లెక్కకు ఆ తేదీ ముఖ్యం.

డ్రైవింగ్ రికార్డు కేసుల్లో కోర్టు కనీసం 2,500 డాలర్లు ఇప్పించవచ్చు, గడువు నాలుగేళ్లు. రాష్ట్ర ప్రభుత్వం మీద వేయలేరు. చూసిన వ్యక్తి మీద వేయొచ్చు.

క్రిమినల్ కేసు పెట్టాలా వద్దా అన్నది మీ చేతిలో ఉండదు, ప్రాసిక్యూటర్ నిర్ణయం. 2008 పాస్‌పోర్ట్ కేసుల్లో కంప్యూటర్ నేరాల చట్టం కింద పలువురు నేరం ఒప్పుకున్నారు. మొదటివాడు సుమారు రెండు వందల ఫైళ్లు చూశాడు. కేవలం కుతూహలంతోనే చూశానన్నాడు. అతనికి పడింది ఏడాది ప్రొబేషన్, 50 గంటల సమాజసేవ. ఆ దారి 2021లో ఇరుకైంది. అట్లాంటా పక్కన కమ్మింగ్ మనవాళ్లకు బాగా తెలిసిన ఊరే. అక్కడి పోలీసు సార్జెంట్ ఒకాయన డబ్బు తీసుకుని ఒక కారు నంబర్‌ను పోలీసు డేటాబేస్‌లో వెతికి పెట్టాడు. ఆ డేటాబేస్ చూసే అనుమతి అతనికి ఎటూ ఉంది కాబట్టి, చెడు ఉద్దేశంతో చూసినా ఈ చట్టం కింద నేరం కాదని సుప్రీంకోర్టు 6-3 తో తీర్పిచ్చింది. అందుకే ఇప్పుడు ఫిర్యాదులో హ్యాకింగ్ అని రాస్తే లాభం లేదు. ప్రైవసీ యాక్ట్, పన్ను చట్టం, డ్రైవర్ల చట్టం, ఆ రాష్ట్రపు సొంత చట్టం పేర్లే రాయండి.

మీరే ఎన్నికల్లో నిలబడుతుంటే

నామినేషన్ వేయకముందే మీ పాస్‌పోర్ట్ రికార్డు, ఏ-ఫైల్, డ్రైవింగ్ రికార్డు కాపీలు తెప్పించుకోండి. అందులో ఏముందో మీకు తెలిస్తే, బయటికి వచ్చిన మాట ఏ ఫైల్ నుంచి వచ్చిందో పోల్చుకోగలరు. 1992లో బిల్ క్లింటన్ అధ్యక్ష పదవికి పోటీలో ఉండగా విదేశాంగ శాఖ అధికారులు ఆయన పాత పాస్‌పోర్ట్ ఫైళ్లనే కాదు, వాళ్లమ్మ ఫైల్‌ను కూడా వెతికించారు. కాబట్టి భార్య లేదా భర్త, తల్లిదండ్రుల ఫైళ్ల సంగతీ చూసుకోండి. ఎవరి పేరు మీద ఉన్న ఫైల్‌కు వారే సంతకం చేసి అడగాలి. ఇండియాలో ఉండే అమ్మానాన్నలు విజిటర్ వీసాకు ఇచ్చిన వివరాలు కూడా ఇక్కడి సిస్టమ్‌లలో ఉంటాయి.

ఎన్నిక అయ్యాక, గెలిచినా ఓడినా, ఆ ప్రచార కాలానికి లాగ్ అడుగుతూ ఒక్కో సంస్థకు ఒక్కో ఉత్తరం వేయండి.

మీరు తెర అవతలి వైపు ఉంటే

రాష్ట్ర ప్రభుత్వాల మెడికెయిడ్ (పేదల వైద్య బీమా), డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సుల శాఖ), నిరుద్యోగ భృతి సిస్టమ్‌ల మీద కాంట్రాక్టర్లుగా పనిచేసే తెలుగువారు చాలామంది. 2008లో ఒబామా ఫైల్ తెరిచిన ముగ్గురూ కాంట్రాక్టర్లే. ప్రొడక్షన్ డేటాకు, అంటే జనం అసలు రికార్డులకు, యాక్సెస్ ఉన్నవారికి ఇది నేరుగా సంబంధించిన విషయం.

టెస్టింగ్‌కు నిజమైన మనుషుల పేర్లు వాడకండి, ముఖ్యంగా పేరున్నవాళ్లవి. టెస్ట్ డేటా ఇవ్వకపోతే ఈమెయిల్‌లో అడగండి. మీ సొంత రికార్డు కూడా ఆ సిస్టమ్ నుంచి చూడకండి, చాలా చోట్ల అదీ నిషేధమే. బావమరిది స్టేటస్ చూడమని ఇంట్లో అడిగితే కుదరదని చెప్పండి. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మామూలుగా దొరికే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. కేసు గనక నమోదైతే గ్రీన్ కార్డు దరఖాస్తు వరకు ఆ మచ్చ వెంట వస్తుంది.

టికెట్ మీద పనిచేస్తూ ఎవరి రికార్డైనా తెరవాల్సి వస్తే టికెట్ నంబర్ కారణం గడిలో రాయండి. పొరపాటున వేరే మనిషి రికార్డు తెరుచుకుంటే వెంటనే మూసేసి, అదే రోజు మీ సూపర్‌వైజర్‌కూ ప్రైవసీ ఆఫీసర్‌కూ ఈమెయిల్ పెట్టండి: ఏ సమయానికి, ఏ రికార్డు, ఎలా తెరుచుకుంది, ఏం కనిపించింది, కాపీ ఏదీ తీయలేదు అని. ఆ ఈమెయిల్ మీ ఆఫీసు మెయిల్‌బాక్స్‌లోనే ఉండాలి. పర్సనల్ జీమెయిల్‌కు పంపుకోకండి, అందులో ఎవరిదైనా వివరం ఉంటే అది ఇంకో ఉల్లంఘన అవుతుంది.